పప్పు నానబోసి పడుకో

చెల్లాయ్, నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే తెలిసిపోయింది. "అక్కా, కూర్చుంటే అక్షరం కదలట్లేదు. మళ్ళీ ఏదైనా ఉద్యోగం చూసుకోనా?" అన్నావు. సరిగ్గా అప్పుడే పాలు పొంగడంతో ఫోన్ పెట్టేశాను. స్టవ్ తుడుస్తున్నంతసేపూ నీ మాటే బుర్రలో తిరిగింది.

ఒక్కటడుగుతాను, నిజం చెప్పు. పోయినవారం నువ్వు రాయడానికి కష్టపడ్డ గంటలెన్ని? పంపిన అనువాదం నచ్చిందో లేదో, ఎండాకాలంలో చేసిన పనికి డబ్బు పడిందో లేదో, కొత్త పని ఇస్తానన్నాయన మళ్ళీ ఫోన్ చేస్తాడో లేదో అనుకుంటూ గడిపిన గంటలెన్ని? నా మటుకు నాకు, రాసి రాసి అలిసిన రోజు పడుకోగానే నిద్ర పట్టేస్తుంది. ఎదురుచూసి అలిసిన రోజుందే, దాని మర్నాడే కుర్చీ దగ్గరికి వెళ్ళబుద్ధి కాదు. దాన్ని మనం బద్ధకం అనుకుని మనల్ని మనమే తిట్టుకుంటాం.

నాకిది ఊరికే తెలియలేదులే. కొన్నేళ్ళ కింద ఒక డబ్బింగ్ సీరియల్‌కి మాటలు రాశాను. ఆ పనెలా ఉంటుందో నీకు తెలుసుగా, అర్థం ఒక్కటే కుదిరితే చాలదు, పెదాలకీ అతకాలి. హిందీలో ఆవిడ "నహీ" అని పళ్ళు కనబడేలా సాగదీస్తుంది. మనం "వద్దు" అని రాస్తే చివర్లో మూతి సున్నా చుట్టాలి, తెరమీద తేడా కొట్టేస్తుంది. "కాదండీ" అంటే సరిగ్గా కూర్చుంటుంది. ఆ ఒక్క 'ఈ' కోసం అద్దం ముందు నిలబడి పదిసార్లు అనుకున్న రోజులున్నాయి. మావారు చూసి నాకేదో అయిందనుకున్నారు! అయినా సరే, ఆ పని చేస్తున్నన్నాళ్ళూ ఉత్సాహం లేదన్న మాట నా నోట రాలేదు.

పని అయిపోయాక మొదలైంది అసలు కథ. "వచ్చే నెల మేడమ్", "అకౌంట్స్ ఆయన సెలవులో ఉన్నాడు మేడమ్". ఎనిమిది నెలలు! పొద్దున లేస్తూనే ఫోన్లో బ్యాంకు మెసేజ్ వెతుక్కోవడం, మధ్యాహ్నం వాళ్ళకి ఫోన్ చేయనా వద్దా అని మథనపడటం. ఆ ఎనిమిది నెలల్లో సొంతంగా ఒక్క కథ రాయలేదు. చివరికి సగం ఇచ్చారు. మిగతా సగానికి నీళ్ళొదులుకున్నాను.

అప్పుడు నాకు తెలియనిదీ, నువ్వు ఈ వారమే చేయాల్సిందీ ఒకటుంది. మనలాగా సేవలు చేసి బతికేవాళ్ళు కూడా ప్రభుత్వ 'ఉద్యమ్' పోర్టల్లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. ఇక 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం మనకీ వర్తిస్తుంది. మన చేత పని చేయించుకున్నవాళ్ళు డబ్బివ్వడానికి రాతపూర్వకంగా ఏ గడువు పెట్టుకున్నా 45 రోజులు దాటకూడదు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు ప్రకటించే రేటుకి మూడింతలు చొప్పున చక్రవడ్డీ కట్టాలి. నువ్వేమీ కోర్టుకెక్కక్కర్లేదు. ఇన్వాయిస్ అడుగున ఆ నమోదు నంబరు వేసి పంపు, ఫోనెత్తినప్పుడు అవతలి గొంతు మారుతుంది. గడువు, రేటు, ఎన్నిసార్లు మార్పులు చేసిపెడతావు, ఈ మూడూ పని మొదలుపెట్టకముందే మెయిల్లో రాయించుకో. టీడీఎస్ కింద కోసుకున్న డబ్బు సంగతంటావా, అది ఎక్కడికీ పోదు, రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది.

బాకీలకి ఒక పాత నోటుపుస్తకం పెట్టాను. అమ్మ పాల పద్దు రాసుకునేది చూడు, అలాంటిది. డబ్బు కోసం ఫోన్లు గురువారం మధ్యాహ్నం మాత్రమే. ముందు శుక్రవారం అనుకున్నాను గానీ, "శుక్రవారం పూట లక్ష్మిని బయటికెలా పంపుతాం మేడమ్" అంటారేమోనని మార్చుకున్నాను! మిగతా ఆరు రోజులూ ఆ పుస్తకం బీరువాలో ఉంటుంది. బుర్రలోకి రానివ్వను.

మాలతీ చందూర్ గారు నాకెప్పుడూ గుర్తొస్తారు. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' దశాబ్దాల పాటు నడిపారు. పాఠకుల ఉత్తరాలకి వారం వారం జవాబులు. ఆ పక్కనే నవలలు, వంటల పుస్తకాలు, 'పాత కెరటాలు'లో ఇంగ్లీషు నవలల పరిచయాలు. 1992లో 'హృదయనేత్రి'కి సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. వారపత్రిక ప్రెస్సు ఎవరి మూడ్ కోసమూ ఆగదు కదా. అందుకే నా సలహా ఏమిటంటే, డబ్బు తక్కువైనా సరే, వారానికొకటి కచ్చితంగా ఇవ్వాల్సిన చిన్న పని ఒకటి ఒప్పుకో. కాలమ్ కావచ్చు, పిల్లల పేజీ కావచ్చు. పెద్ద పనులు లేని నెలల్లో ఆ చిన్నదే నిన్ను కుర్చీలో కూర్చోబెడుతుంది. నాకు కరోనా రోజుల్లో అదే ఆసరా అయింది.

పొమొడోరో అని నువ్వు చెప్పింది చూశాను. ఇటలీలో చిరిల్లో అనే ఆయన చదువుకునే రోజుల్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్ పెట్టుకుని 25 నిమిషాల చొప్పున చదివేవాడట, పొమొడోరో అంటే టమాటాయేనట. బానే ఉంది గానీ, వంటింట్లో టైమర్ మోగితే ఆడవాళ్ళు లేచి వంట దగ్గరికి వెళ్ళాలమ్మా, ఆయనకేం! నాకు గంట మోతల కన్నా తలుపు గడియే పనికొచ్చింది. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా గడియ. "ఇంట్లోనే ఉంటావుగా" అని అపార్ట్‌మెంటు మొత్తం నా చేతికే పార్సిళ్ళు ఇప్పించేవాళ్ళు. గడియ పెట్టాక మొదట్లో కాస్త ముఖాలు మాడ్చుకున్నారు, తర్వాత వాచ్‌మన్ దగ్గర పెట్టించుకోవడం అలవాటైంది.

ఇంకొకటి. రాత్రి కుర్చీలోంచి లేచే ముందు పేరా పూర్తి చేయకు. వాక్యం సగంలో ఆపి, తర్వాత ఏమొస్తుందో నాలుగు ముక్కలు పక్కన గీకి లే. రేపటి దోసెలకి పప్పు నానబోసి పడుకోమూ, అలాగన్నమాట. తెల్లారేసరికి అది కాస్త ఉబ్బి ఉంటుంది, రుబ్బుకోవడమే. ఎండు పప్పుని గ్రైండర్లో వేసినట్టు ఖాళీ కాగితం ముందు కూర్చుంటున్నావు నువ్వు, అదీ చిరాకంతా. నేను ఈ ఉత్తరాన్ని కూడా రాత్రి "ఇంకొకటి" దగ్గర ఆపే పడుకున్నాను.

ఉండు, ఎవరో బెల్లు కొడుతున్నారు. మూడో అంతస్తు వాళ్ళ పార్సిలై ఉంటుంది. టైము పదింబావు. తీయను.