కోపెన్‌హాగెన్ పట్టణమును మన తెలుగు సంఘమును

చదువవలసిన వాక్యభాగములు: ఎజ్రా 1:1–4, యెషయా 45:1–7, 2 రాజులు 5:1–4, రోమా 16:1–16.



గత నెలలో ఆత్మకూరు ప్రాంతమున ఒక పల్లెలో ఆదివారపు బడి ముగించుకొని బయలుదేరుచుండగా ఒక పిల్లవాడు మా బండికి అడ్డముగా నిలిచెను. "అయ్యగారూ, మనది దొరల మతమంట గదా, బళ్లో పిల్లకాయలు అంటా ఉండారు. నేనేం చెప్పాల?" అని అడిగెను. మాకు ఉదయగిరి వైపు మరియొక కూడిక ఉండెను. "ప్రార్థన చేసికొనుము నాయనా" అని ఏదో చెప్పి తప్పించుకొంటిమి. దారి పొడుగున ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. పిల్లవాడు రొట్టె నడుగగా చేతిలో ఏమియు పెట్టకుండ వచ్చినవారమైతిమి. గనుక ఈ నెల పాఠము ఆ పిల్లవానికి మేము బాకీపడిన జవాబు. దానికొరకు చాల దూరపు పట్టణమునకు పోవలసియున్నది.

ఐరోపా ఖండమునకు ఉత్తరమున సముద్రము నానుకొని డెన్మార్కు అను చిన్న దేశము కలదు. దాని రాజధాని కోపెన్‌హాగెన్. శీతకాలమున అక్కడ మధ్యాహ్నము నాలుగు గంటలు కాకమునుపే ప్రొద్దు క్రుంకును. మన ఉదయగిరి దుర్గమును కృష్ణదేవరాయలు 1514లో గజపతుల యొద్దనుండి పట్టుకొనెనని మన పిల్లలు పాఠములలో చదివియున్నారు. ఆ చలి పట్టణపు రాజుల పేర్లు వారు వినలేదు. అయినను మన చేతిలోని తెలుగు వేదపుస్తకపు కథలో ఆ పట్టణమునకు చోటున్నది.

తమిళ దేశమున తరంగంబాడి అను రేవు 1620 మొదలుకొని డేనుల చేతిలో ఉండెను. ఎనుబది యేండ్లకు పైగా వారు అక్కడ వర్తకమే చేసిరి. 1699లో సింహాసన మెక్కిన నాలుగవ ఫ్రెడరిక్ రాజు, తన పాలనలోనున్న ఆ జనులకు సువార్త చెప్పువారిని పంపవలెనని తలచి, తన ఆస్థాన బోధకుడైన లుట్కెన్స్‌గారికి ఆ పని అప్పగించెను. డెన్మార్కులో తగినవారు దొరకలేదు. చివరకు జర్మనీ దేశమునుండి ఇద్దరు యౌవనులు వచ్చిరి: బర్తొలొమయి సీగన్‌బాల్గ్, హెన్రీ ప్లూట్‌షౌ.

వీరు కోపెన్‌హాగెన్‌లో బిషప్ బోర్నెమన్‌గారి యెదుట పరీక్షకు నిలిచినప్పుడు ఆయన వీరిని తప్పించెను! రాజు మరల పరీక్షింపుమని ఆజ్ఞాపింపగా రెండవమారు గట్టెక్కిరి. (మన సంఘములలో సువార్తికుల పరీక్షలో ఒకమారు తప్పి, ఇంటిలో తల యెత్తలేక, రొయ్యల గుంటలలో కూలికి పోయిన తమ్ముడొకడు మాకు తెలియును. అతడు ఈ భాగమును రెండుమారులు చదువవలెనని మా మనవి.) 1705 నవంబరు 11న అభిషేకము పొంది, ఆ నెల 29న ఓడ యెక్కి, 1706 జూలై 9న వారు తరంగంబాడి చేరిరి. మరునాటికి సీగన్‌బాల్గ్‌కు ఇరువది నాలుగేండ్లు నిండెను.

ఆ రాజు గొప్ప భక్తుడా అని మీరు అడుగవచ్చును. నిజము చెప్పవలెను. రాణి బ్రదికియుండగానే 1703లో ఆయన మరియొక స్త్రీని పెండ్లి చేసికొనెను. ఆ రాజ్యపు ఓడలు ఆఫ్రికా దేశస్థులను బానిసలుగా పట్టి పడమటి దీవులకు మోసికొనిపోవుచుండెను. కొందరు బోధకులు ఈ సంగతులు దాచిపెట్టి రాజును దేవదూతవలె చిత్రింతురు. అది మాకు సమ్మతము కాదు. కోరెషును గూర్చి యెషయా ఏమి చెప్పెనో చూడుడి. ఆ రాజు దేవుని ఎరుగనివాడే. అయినను దేవుడు అతని చేయి పట్టుకొని తలుపులు తెరచెను. తలుపు తెరచినవాడు పరిశుద్ధుడని వాక్యము అక్కడ చెప్పలేదు.

తలుపు తెరువబడెను గాని లోపలికి పోవుట సులువు కాలేదు. కోపెన్‌హాగెన్‌లో రాజు పంపిన మనుష్యుని తరంగంబాడిలోని డేను అధికారియే చెరలో పెట్టించెను. 1708 చివరినుండి నాలుగు నెలలు సీగన్‌బాల్గ్ కోటలో ఖైదీగా ఉండెను. వర్తకులకు అతని బోధ గిట్టలేదు. పై అధికారి ఉత్తరువు క్రింది ఆఫీసుకు వచ్చుసరికి ఏమగునో మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక అతడు భాష నేర్చుకొనిన విధము వినుడి. ఒక ముసలి పంతులును బడితో సహా తన యింటికి పిలిపించుకొని, చిన్న పిల్లల నడుమ నేలమీద కూర్చుండి, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెను. అలెప్ప అనువాడు అతనికి దుబాసిగా ఉండి మాటల లోతు తెలిపెను. దొరలకు సహాయపడినందుకు అలెప్ప ఊరు విడువవలసి వచ్చెను, తంజావూరులో సంకెళ్లు కూడ అనుభవించెను. తమిళ క్రొత్త నిబంధన అచ్చుపని 1715 నాటికి ముగిసినప్పుడు దాని వెనుక సీగన్‌బాల్గ్ శ్రమ యెంతయో, ఆ పంతులు, ఈ అలెప్ప శ్రమయు అంత. 1719 ఫిబ్రవరి 23న సీగన్‌బాల్గ్ మృతి చెందెను, వయస్సు ముప్పదియారు. 1733 డిసెంబరులో అదే తరంగంబాడిలో ఆరోను అను తమిళుడు పాస్టరుగా అభిషేకింపబడెను. ఈ దేశస్థులలో ప్రొటెస్టంటు పాస్టరైన మొదటివాడు ఇతడే.

కోపెన్‌హాగెన్ పేరు చెప్పినప్పుడు రాజులను బిషప్పులను మాత్రమే లెక్కించుట న్యాయము కాదు. 1731లో ఆరవ క్రిస్టియన్ రాజు పట్టాభిషేకమునకు జర్మనీనుండి జింజెన్‌డార్ఫ్ ప్రభువు అక్కడికి వచ్చెను. ఆ పండుగ సందడిలో ఆయనకు ఒక సేవకుడు కనబడెను. పేరు ఆంటన్. సెయింట్ థామస్ దీవిలో బానిసగా ఉండి తేబడినవాడు. తన తోబుట్టువులును తన జనులును అక్కడ ఎట్లు బాధపడుచున్నారో, దేవుని గూర్చి వినుటకు ఎట్లు ఆశించుచున్నారో అతడు చెప్పెను. ఆ మాటవలన మరుసటి యేడు, 1732లో, మొరేవియ సంఘమువారు ఆ దీవికి తమ మొదటి మిషనెరీలను పంపిరి. నయమాను ఇంటిలోని ఆ చిన్న దాసిని జ్ఞాపకము చేసికొనుడి. పట్టాభిషేకపు విందులో ఎవరు ఏ పీట మీద కూర్చుండిరో అడిగినవారు లేరు. ఆంటన్ పేరు నిలిచియున్నది.

ఇప్పుడు మన తెలుగునకు వచ్చెదము. సీగన్‌బాల్గ్ మరణించిన యేటనే బెంజమిన్ షుల్జ్ అను జర్మను పాస్టరు ఆ డేను మిషనుకు వచ్చెను. ఆయన 1726లో మద్రాసు పోయి చూడగా వీధులలో తెలుగు వినబడెను. తమిళము నేర్చినది చాలునని ఊరకుండక, నడివయస్సులో మరల ఓనమాలు మొదలుపెట్టెను. తెలుగు వ్యాకరణ మొకటి వ్రాసెను. క్రొత్త నిబంధనను, పిమ్మట పాత నిబంధనను తెలిగించి 1732 నాటికి పని ముగించెను.

సహోదరులారా, ఆ పుస్తకము అచ్చుపడలేదు. ఆరేడేండ్లు దీపము ముందు కూర్చుండి వ్రాసిన కాగితముల కట్టలు కట్టలుగానే ఉండిపోయెను. ఆయన ఆరోగ్యము చెడి 1743లో స్వదేశమునకు మరలిపోయెను. అక్కడ హాలె పట్టణమున 1746–47లో తెలుగు అక్షరములు పోత పోయించి, చిన్న చిన్న వేదపాఠపు పుస్తకములు కొన్ని అచ్చు వేయించెను. తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకములలో అవి మిక్కిలి మొదటివి. ఆయన 1760లో కన్ను మూసెను. తెలుగు వేదపుస్తకమంతయు అచ్చులో మనవారి చేతికి వచ్చుటకు ఆయన పని ముగించిన తరువాత నూరేండ్లకు పైబడెను. ఈ మధ్యకాలమున పెన్న ఒడ్డున పుట్టి గిట్టినవారు ఎన్ని తరములవారో లెక్కించుకొనుడి. ఈ ఆలస్యమునకు మంచి కారణము వెదకి మిమ్మును ఓదార్చుటకు మేము ప్రయత్నింపము. ప్రసంగి అట్టివి చూచి నిట్టూర్చెను, మేమును నిట్టూర్చుచున్నాము.

రెండవ తలుపు బెంగాలులో తెరువబడెను. కలకత్తాకు ఎగువ హుగ్లీ నది ఒడ్డున శ్రీరాంపురము కూడ డేనుల ఊరే. ఇంగ్లీషు కంపెనీవారు తమ నేలపై మిషనెరీలను ఉండనియ్యని దినములలో, 1799లో మార్ష్‌మన్, వార్డ్ అను బాప్తిస్టు సేవకులు అక్కడ దిగిరి. డేను గవర్నరు ఓలె బీ వారిని కాపాడెను. 1800 జనవరిలో విలియం కేరీ వారితో కలిసెను. ఇంగ్లీషువారిని ఇంగ్లీషువారి చేతినుండి డేను అధికారి కాపాడుట విచిత్రము గదా! 1812 మార్చి 11న వారి అచ్చు కార్యాలయము అంటుకొని కాలిపోయెను; కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణపు ప్రతియు దానిలో బూడిద యాయెను. ఆయన మరల కూర్చుండి వ్రాసెను. 1814లో అది అచ్చయ్యెను. విశాఖపట్టణమున డెస్ గ్రాంజెస్, క్రాన్ అను లండను మిషను సేవకులు ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ విశ్వాసి సహాయముతో తెలిగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురముననే అచ్చయ్యెను. అక్కడి తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడెను.

అదే 1818లో వారు ఒక కళాశాల స్థాపించిరి. మార్ష్‌మన్ 1826లో కోపెన్‌హాగెన్ పోయి ఆరవ ఫ్రెడరిక్ రాజును వేడుకొనగా, 1827 ఫిబ్రవరి 23న రాజు పట్టములిచ్చు అధికారమునిచ్చి సన్నదు వ్రాయించెను. సీగన్‌బాల్గ్ మరణించిన దినమే అది, నూట యెనిమిదేండ్ల తరువాత. 1845లో డేనులు తరంగంబాడిని శ్రీరాంపురమును ఇంగ్లీషువారికి అమ్మివేసినను ఆ సన్నదు చెల్లునని ఒడంబడికలో వ్రాయించిరి. 1918లో బెంగాలు శాసనసభ దానిని బలపరచెను. నేటికిని మన దేశమున అనేక వేదాంత కళాశాలల పట్టములు సేరంపూరు పేరనే ఇయ్యబడుచున్నవి. మేము చదువుకొనిన దినములలో గోడమీద వ్రేలాడు పట్టాలపై ఆ పేరు చూచి, "ఈ ఊరెక్కడిదో, మనకేల" అని నవ్వుకొన్నవారమే.

నెల్లూరికి 1840లో శామ్యూల్ డే దొరగారు వచ్చుటయు, ఆ శతాబ్దపు చివరి రెండు దశాబ్దములలో ఉదయగిరి, ఆత్మకూరు మిషను స్టేషనులు ఏర్పడుటయు మీ పెద్దలు చెప్పగా వినియున్నారు గనుక ఇక్కడ విడిచిపెట్టుచున్నాము.

మొన్నటి ఆదివారము మరల ఆ పల్లెకు పోతిమి. పిల్లవాని పిలిచి చెప్పితిమి: "నాయనా, దొరలు ఓడలెక్కి వచ్చినమాట నిజమే. కాదనకుము, అది అబద్ధమగును. అయితే యేసుప్రభువు దొర కాడు, బేత్లెహేము ఆసియాలోనిది. ఆ డేనులకు కూడ ఇది ఒకప్పుడు పరదేశి మతమే. 826లో అన్స్‌గార్ అను పరదేశి సన్యాసి వారి యొద్దకు పోయి బోధించెను. వారి రాజు హెరాల్డు బాప్తిస్మము పొందుటకు ఇంకను నూట ముప్పదియేండ్లకు పైగా పట్టెను. అంతవరకు వారు తమ పూర్వికుల దేవతలనే కొలిచిరి."

వాడు కొంతసేపు ఆలోచించి, "అయితే వాళ్ల పిల్లకాయలను గూడా బళ్లో ఇట్టనే అన్నారా?" అని అడిగెను. మాకు నవ్వు వచ్చెను. అని యుందురనే చెప్పితిమి.

తరువాత అలెప్ప సంగతి, ఆంటన్ సంగతి, అచ్చుపడని తెలుగు పుస్తకపు సంగతి చెప్పితిమి. వాని అవ్వ గడపలో కూర్చుండి వినుచుండెను. ఆమెకు చదువు రాదు. పుస్తకము అచ్చుపడలేదన్నచోట ఆమె "అయ్యో" అనెను. లేచి లోపలికి పోయి ట్రంకు పెట్టెలోనుండి తువ్వాలులో చుట్టిన వేదపుస్తకము తెచ్చి మనుమని ఒడిలో పెట్టి, "ఆ రాజు మాట యాడుందో అయ్యగారిని అడిగి గట్టిగా చదవరా" అనెను. ఎజ్రా మొదటి అధ్యాయము తీసి యిచ్చితిమి. కోరెషు అను పేరు దగ్గర వాడు రెండుమారులు తడబడెను, మూడవమారు సరిగా పలికెను.