మంచుకొండ మీదికి లాగిన తాళ్లు

వేసవిలో వంశధార సన్నబడినప్పుడు మన శ్రీముఖలింగం గట్టు మీద నుంచి తాటిమట్ట మీద కూర్చుని ఇసుకలోకి జారని వారు మన హాస్టల్లో లేరు. జారడం ఒక్క క్షణం. మట్ట భుజాన వేసుకుని మళ్లీ పైకి ఎక్కేసరికి రొప్పు వస్తుంది. ఈ బాధ గురించే మాట్లాడుకుంటుంటే మా సైన్సు మాస్టారు విని, చలిదేశాల వారికీ ఇదే బాధ ఉండేదనీ, దానికోసం వారు చేసిన యంత్రాల సంగతి చదవమనీ చెప్పారు. చదివినది రాస్తున్నాము.

మనకు మంచంటే ధనుర్మాసంలో పొలాల మీద కమ్మే పొగమంచే. యూరప్ కొండల మీద అది అడుగుల మందాన పేరుకుంటుంది. పాదాలకు రెండు పొడవాటి పలకలు కట్టుకుని దాని మీద జారడాన్ని స్కీయింగ్ అంటారు.

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో షోలాఖ్ అనే పల్లె ఉంది. అక్కడ రాబర్ట్ వింటర్‌హాల్డర్ అనే రైతు ఒక సత్రం నడిపేవాడు. అతిథులు కొండ ఎక్కలేక ఆయాసపడటం చూసి, తన మరను తిప్పే నీటిచక్రానికే కొండ పైదాకా పోయి తిరిగివచ్చే తాడు తగిలించాడు. తాడును పట్టుకుని నిలబడితే చాలు, పలకలు నేల విడవకుండానే పైకి పోతాయి. 1908 ఫిబ్రవరి 14న అది మొదలైంది. పొడవు 280 మీటర్లు, ఎక్కే ఎత్తు 32 మీటర్లు.

ఇక్కడ మన వాలు తలం పాఠం గుర్తు చేసుకోవాలి. 32ను 280తో భాగిస్తే సుమారు తొమ్మిదో వంతు. అంటే 63 కిలోల మనిషిని పైకి లాగడానికి, ఘర్షణ మినహాయిస్తే, ఏడు కిలోల బరువును ఎత్తేంత బలం చాలు. మిగతా బరువు నేలే మోస్తుంది. పల్లెటూరి నీటిచక్రం అంత పని చేయగలగడానికి కారణం ఇదే. ఇంత తెలివైన పని చేసినా ఆయనకు దాని వల్ల కలిసివచ్చిందేమీ లేదు. ఆ సంగతి చదివినప్పుడు మాకు చాలా బాధ కలిగింది.

1930ల మొదట్లో కెనడాలోని షాబ్రిడ్జ్ దగ్గర అలెక్స్ ఫాస్టర్ అనే అతను పాత కారును ఎత్తి నిలబెట్టి, దాని చక్రానికే తాడు చుట్టాడు. 1934 జనవరిలో అమెరికాలోని వుడ్‌స్టాక్ అనే ఊళ్లో ఒక రైతు పొలంలోనూ ఫోర్డు కారు ఇంజనుతో ఇలాంటిదే నడిచింది. అయితే తడిసిన తాడు బరువెక్కేది, చేతి తొడుగులు అరిగిపోయేవి, చేతులు లాగేసేవి. దీనికి విరుగుడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఎర్నస్ట్ కాన్‌స్టామ్ కనిపెట్టాడు. 1934 డిసెంబరులో దావోస్‌లో ఆయన నడిపిన లిఫ్టులో మనిషిని చేతులు కాక, వెనుక ఆనించిన కొంకె కర్ర లాగుతుంది. ఆ మీదట ఇద్దరికి సరిపడే తలకిందుల టీ ఆకారపు కర్ర వచ్చింది. కుర్చీ అనుకుని దాని మీద కూర్చున్నవారు కింద పడతారట!

నిజం కుర్చీల లిఫ్టు 1936లో అమెరికాలోని సన్‌వ్యాలీలో వచ్చింది. అరటిగెలలను ఓడల్లోకి ఎక్కించే యంత్రాన్ని చూసిన ఇంజనీరు జేమ్స్ కర్రన్, కొక్కేలకు గెలల బదులు కుర్చీలు తగిలించాడు. మన దేశంలో గుల్మార్గ్‌లో గొండోలా మొదటి దశ 1998లో మొదలైంది. కానీ అది గాలిలో పోయేది, మా విషయం నేల మీద లాగేది.

మేమూ ఒకటి చేసి చూశాము. సైకిలును తలకిందులు చేసి, వెనుక చక్రం టైరు తీసి, రిమ్ముకు కొబ్బరి తాడు చుట్టి, గట్టు పైన పాతిన గుంజకు ఇంకో రిమ్ము బిగించాము. పెడలు చేత్తో తిప్పితే మొదట రిమ్ము తిరిగింది, తాడు కదలలేదు. సైకిలును వెనక్కి జరిపి తాడు బిగించాక తాటిమట్ట, దాని మీద రెండు ఇటుకలు పైకి వచ్చాయి. ఆరో తరగతి తమ్ముడిని కూర్చోబెడితే సగం దూరంలో ముడి ఊడిపోయి వాడు కిందికి జారి, మళ్లీ ఎక్కిస్తారా అని అడిగాడు. ముడి లేకుండా తాడును అతకడం ఇంకా నేర్చుకోవలసి ఉంది. రిమ్ములు రెండూ మెస్సు వెనుక ఉన్నాయి.