పాత ఇంటికి కొత్త వైర్లు – ఏ దారిన తీసుకుపోవాల?

స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది. కాని ఆ లైటు దాకా తీగ ఏ దారిన పోయిందో మనం చూడం. పాత ఇళ్ళలో చూడాల్సింది అదే. దసరా సెలవుల్లో నూజెండ్లలో మా అమ్మమ్మ ఇంటికి వైరింగ్ మార్చారు. టేపు పట్టి కొలతలు రాసే పని నాది. అక్కడ తెలుసుకున్నవీ, సైన్సు పుస్తకంలో చదివినవీ కలిపి రాస్తున్నాను.

పాతది ఎందుకు తీసెయ్యాల?

ఆ ఇంట్లో చెక్క పట్టీల మీద రేకు క్లిప్పులు కొట్టి వైర్లు లాగారు. చెక్కకు చెద పట్టింది. వైరు మీది తొడుగు ఎండి, వంచితే పెళుసుగా విరుగుతుంది. తొడుగు పోతే లోపలి రాగి బయటపడుతుంది. పైగా ఉన్నవి రెండే తీగలు, ఫేజు, న్యూట్రల్. ఎర్తు తీగ లేనే లేదు.

ఏ దారి మంచిది?

మా మామ గోడ చెక్కి పైపులు లోపల పెట్టమన్నాడు. అట్లా అయితే వైర్లు కనపడవు, అందంగా ఉంటుంది. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "గోడ తొలిస్తే రాళ్ళు కదుల్తయ్యి రా" అన్నది. ఎలక్ట్రీషియన్ మామయ్య కూడా అమ్మమ్మ మాటే నిజమన్నాడు. ఇటుక, సిమెంటు గోడకైతే కాడి తీసి మళ్ళీ పూడ్చవచ్చు. ఇది రాళ్ళు పేర్చి మట్టితో కట్టిన గోడ. మట్టి రాలితే రాయి వదులవుతుంది. పైన నాపరాళ్ళ కప్పు బరువంతా ఆ గోడ మీదే ఉంది.

అందుకని గోడ పైనే ప్లాస్టిక్ పట్టీ కొట్టి, అందులో వైర్లు పెట్టి మూత వేశారు. మట్టిలో మరమేకు నిలవదు. కాబట్టి పట్టీని పైన దూలం వెంట తీసుకుపోయారు. స్విచ్ బోర్డు ఉన్నచోట మాత్రమే కిందికి దించారు. అక్కడ రాయికి బెజ్జం వేసి మరమేకు బిగించారు. దారి నిర్ణయించేటప్పుడు ఇవి చూశారు:

1. పట్టీ నిలువుగా గాని అడ్డంగా గాని పోవాలి, ఏటవాలుగా పోకూడదు. రేపు ఎవరన్నా మేకు కొట్టాలంటే తీగ ఎక్కడుందో తెలుస్తుంది.
2. పొయ్యి ఉన్న గోడ వద్దు. వేడికి తొడుగు చెడిపోతుంది.
3. వానకు కారే గోడ వద్దు.
4. బయటి నుంచి తీగ వచ్చే పైపు మూతి కిందికి వంగి ఉండాలి. లేకపోతే వాన నీళ్ళు లోపలికి దిగుతాయి.
5. బట్టలారేసే ఇనుప తీగ దండెం కరెంటు తీగకు దగ్గరగా ఉండకూడదు. వానాకాలంలో తడి బట్ట ఆరేస్తూ షాక్ కొట్టి చనిపోయినవాళ్ళ వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. మా ఇంట్లో ఇనుప దండెం పీకేసి నైలాన్ తాడు కట్టారు.

ఎంత లావు తీగ కావాల?

మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 9 వాట్ల లైట్లు 3, 75 వాట్ల ఫ్యాన్లు 2, 60 వాట్ల టీవీ ఒకటి. మొత్తం 237 వాట్లు, అంటే సుమారు 1 ఆంపియరు. కాని నీళ్ళు కాచే 1500 వాట్ల రాడ్ ఒక్కటే 6.5 ఆంపియర్లు లాగుతుంది! ఒకే తీగలో కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. తీగ లావైతే నిరోధం తగ్గి వేడి తగ్గుతుంది. అందుకే లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, రాడ్ సాకెట్టుకు వేరుగా 2.5 తీగ వేశారు.

ప్రాణం కాపాడేది ఏది?

లైట్ల లైనుకు 6 ఆంపియర్ల ఎం.సి.బి. పెట్టారు. అది తీగ కాలకుండా కాపాడుతుంది. మనిషిని కాపాడలేదు, ఎందుకంటే 1 ఆంపియరుకంటే చాలా తక్కువ కరెంటుకే మనిషి చనిపోవచ్చు. దానికోసం ఆర్.సి.సి.బి. కావాలి. పోయిన కరెంటుకూ, తిరిగి వచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, క్షణంలో ఆపేస్తుంది.

ఎర్తు కోసం గుంట తీసి, ఇనుప పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేశారు. ఎండిన నేలలో కరెంటు సరిగా పోదు. అందుకని అంట్లు తోమిన నీళ్ళు పారే చోట గుంట తీశారు. అక్కడ నేల ఎండాకాలం కూడా తడిగా ఉంటుంది.

చివరకు ఒక సమస్య వచ్చింది. బాక్సులో ఏ మీట దేనిదో ఇంగ్లీషులో రాయబోయారు. అమ్మమ్మకు చదువు రాదు. ప్రమాదం వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది ఆమే. అందుకని నేను కాగితం మీద లైటు, ఫ్యాన్, బకెట్టు బొమ్మలు వేసి మీటల పక్కన అంటించాను. అన్నీ ఆపే మెయిన్ మీటకు ఎర్ర చుక్క పెట్టాను. అమ్మమ్మ చేత మూడుసార్లు ఆపించి చూశాం.

మిత్రులారా! ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ ఇంటి వైర్లు చూడండి. చేత్తో ముట్టుకోవద్దు. చూసి పెద్దవాళ్ళకు చెప్పండి. పని మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియనే చెయ్యాలి.

ప్రశ్నలు (జవాబులు వచ్చే సంచికలో):
1. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఎన్ని ఆంపియర్లు లాగుతుంది?
2. స్విచ్‌ను న్యూట్రల్ తీగకు కాకుండా ఫేజు తీగకే ఎందుకు పెట్టాలి?
3. మీ ఇంట్లో మెయిన్ మీట ఎక్కడుందో ఎంతమందికి తెలుసు?

– 9వ తరగతి విద్యార్థిని