కన్నవారింట్లో మీ వయసెంత?

ఏళ్లతరబడి నొప్పితో ఉద్యోగం నెట్టుకొచ్చి, ఇక చేతకాక, అద్దె ఇల్లు ఖాళీ చేసి అమ్మానాన్నల దగ్గరికి బయల్దేరిన మనిషికి అందరూ చెప్పే మాట ఒకటే: ‘ఇంకేం, అమ్మ చూసుకుంటుందిగా!’

చిక్కంతా అక్కడే ఉంది. అమ్మ నిజంగానే చూసుకుంటుంది. చేతిలో నీళ్ల చెంబు కూడా లాక్కుని మరీ చూసుకుంటుంది. మందులేసుకున్నావా, ఆ ఫోను పక్కన పెట్టు, ఎండలో ఎక్కడికి... ఆర్నెల్లు తిరిగేసరికి ముప్పై ఆరేళ్ల మనిషి మళ్లీ తొమ్మిదో తరగతిలో పడతారు. ఎవరి మనసులోనూ చెడు లేదు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేం. లోలోపల మాత్రం ఉడికిపోతుంటాం. అందుకే సామాను సర్దుకునే ముందే, ఆ ఇంట్లో మీరు ఏ వయసు మనిషిగా ఉండబోతున్నారో తేల్చుకోండి.

మొదట మీ నొప్పి ఎలాంటిదో ఇంట్లోవాళ్లకు తెలియాలి. పెద్దవాళ్లకు తెలిసింది దెబ్బ తగిలితే వచ్చి, దెబ్బ మానితే పోయే నొప్పి. 3 నెలలు దాటినా వదలని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలికం అంటారు. అది ఈ లెక్కకు లొంగదు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో దీనికి విడిగా చోటిచ్చారు. ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ల ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు చాలావరకు మామూలుగానే వస్తాయి. నాడీవ్యవస్థే వాల్యూం పెంచేసిన రేడియోలా చిన్న సంకేతాన్ని కూడా పెద్దగా మోగిస్తుంది. ‘రిపోర్టుల్లో ఏమీ లేదన్నారుగా’ అని నాన్న అంటే అది అనుమానం కాకపోవచ్చు, ఆశ కావచ్చు. విన్నవాళ్లకు మాత్రం ముల్లులా గుచ్చుకుంటుంది.

ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నెముక వాపు జబ్బు తీరు వేరు. పడుకుని ఉంటే నడుం బిగుసుకుపోతుంది, కదిలితే సర్దుకుంటుంది. పొద్దున్నే ‘ఇంకాసేపు పడుకో నాన్నా’ అనడం ప్రేమే. ఆ నడుముకు మాత్రం శిక్ష. ఇవన్నీ మీరు చెబితే వాదనలా వినిపిస్తాయి. వచ్చేసారి డాక్టరు దగ్గరికి అమ్మనో నాన్ననో వెంటబెట్టుకెళ్లి, ‘ఇంట్లో నేను ఏయే పనులు చేయొచ్చో వీళ్లకు చెప్పండి’ అని అడగండి. తెల్లకోటు నోట వచ్చిన మాటకు మన ఇళ్లల్లో ఉండే విలువ వేరు.

అమెరికన్ సైకాలజిస్ట్ విల్బర్ట్ ఫోర్డైస్ దీర్ఘకాలిక నొప్పి మీద 1976లో ఒక పుస్తకం రాశారు. చుట్టూ ఉన్నవాళ్ల స్పందన రోగి నడతను ఎలా మారుస్తుందో అందులో వివరించారు. ‘అబ్బా’ అన్నప్పుడల్లా పరుగెత్తుకొచ్చి పని లాక్కుంటే, ఆ మనిషి క్రమంగా కదలడమే మానేస్తాడు. అలాగని పట్టించుకోవద్దని కాదు. పని మీ చేతిలోనే ఉంచి, దాన్ని తేలిక చేయమని అడగండి.

పాలకొల్లు వైపు కన్నవారింటికి తిరిగొచ్చిన ఒకామె ఈ పని ఎంత చక్కగా చేసిందో చూడండి. పొద్దుటి కాఫీ తనదేనని మొదటివారమే తేల్చిచెప్పింది. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. ‘ఒంట్లో బాగోలేని పిల్లతో పని చేయిస్తోందని పక్కింటివాళ్లు నన్నే అంటారే!’ ‘కాఫీ ఒక్కటేనమ్మా, మిగతాదంతా నువ్వేగా.’ బిగుసుకుపోయే స్టీలు డబ్బాలోంచి కాఫీపొడి వేలితో తెరుచుకునే ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. పాలకు బరువు తక్కువ గిన్నె, గట్టు ముందు ఎత్తు స్టూలు వచ్చాయి. రాత్రి పడుకోబోయే ముందు ఫిల్టరు సిద్ధం చేసి పెడుతుంది. ఒళ్లు సహకరించదని తెలిసిన రాత్రి మాత్రం ఫిల్టరు బోర్లించి వదిలేస్తుంది. అది చూస్తే ఆ పూట కాఫీ పని అమ్మదేనని అర్థం. ‘ఏమైంది, ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి’ అన్న ఆరాలు ఉండవు. వాళ్లమ్మ మొదట్లో గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకునేది. ఇప్పుడు అక్కడే కుర్చీ వేసుకుని, డికాషన్ పల్చగా ఉందని వంకలు పెడుతోందట. వంకలు పెడుతున్నారంటే మిమ్మల్ని మళ్లీ మామూలు మనిషిగా చూస్తున్నారన్నమాట!

నొప్పి బాగా ఉన్న రోజుకంటే తగ్గిన రోజే ఎక్కువ ప్రమాదం. ఒళ్లు తేలిగ్గా ఉందని అటక మీద సామాను దింపి, దుప్పట్లన్నీ ఉతికి, సాయంత్రం పేరంటానికి కూడా వెళ్లొస్తారు. తర్వాత మూడ్రోజులు మంచం దిగరు. ‘నిన్న బాగానే ఉందిగా’ అని ఇంట్లోవాళ్లు తెల్లబోతారు. ఫోర్డైస్ పద్ధతి దీనికీ పనికొస్తుంది: ఒళ్లు ఆపమనేదాకా చేయకండి, ముందే అనుకున్న మోతాదు దగ్గర ఆగండి. బాగున్న రోజూ అంతే, బాగోలేని రోజూ వీలైనంతవరకు అంతే. కొన్ని వారాలు నిలకడగా సాగాక కొంచెం పెంచండి. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు ఈ నియమం పాటించడం కష్టమే. నువ్వులుండలు చుట్టే పని కుర్చీలో కూర్చుని చేస్తానని మీరే ముందు అడిగి తీసుకోండి. లేకపోతే పిండివంటలన్నీ మీ నడుం మీద పడతాయి, లేదా మిమ్మల్ని గదిలో పెట్టి తలుపేస్తారు.

ఇక ఇల్లు. చిన్నప్పటి మీ గది డాబా మీద ఉంటే దాన్ని వదులుకోండి. కిందనున్న గది చిన్నదైనా, బియ్యం బస్తాలు ఖాళీ చేయించాల్సి వచ్చినా అదే మేలు. కుంగిపోయిన నవారు మంచం మీద బాల్యస్మృతులుంటే ఉండనివ్వండి, పడక మాత్రం సమంగా ఉన్న పరుపు మీదే. నేల మీద కూర్చునే మరుగుదొడ్డయితే దానిపైన పెట్టుకునే కమోడ్ కుర్చీ మందుల షాపుల్లో దొరుకుతుంది. స్నానాల గది గోడకు గట్టి కడ్డీ బిగించడం వెల్డరుకు ఒక పూట పని. ఇవన్నీ మీరు దిగకముందే జరిగిపోవాలి. దిగాక ‘ఇప్పుడెందుకీ ఖర్చు’ అన్న పాట మొదలవుతుంది. తన కోసమైతే డెబ్బై ఏళ్లొచ్చినా కడ్డీ వద్దనే నాన్న, మీ కోసమంటే ఒప్పుకుంటారు. పట్టుకునేది ఇద్దరూ.

చుట్టాల సంగతి. ‘ఇంకా తగ్గలేదా?’, ‘అల్లుడు రాలేదా?’, ‘ఎన్నాళ్లుంటుందేం?’ ఈ మూడింటికీ జవాబు చెప్పే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. ‘డాక్టరు చూస్తున్నారు, మీ మనవడి సీటు సంగతేమైంది?’ అని మాట మార్చగల మనిషైతే చాలు. చుట్టాలు వైద్యాలు కూడా తెస్తారు. వావిలాకు వేసి మరగకాచిన నీళ్లతో స్నానం చేయమంటే, గోరువెచ్చగా చల్లార్చుకుని చేయండి. వేడికి కండరాలు సడలుతాయి, తెచ్చిన పిన్నిగారూ సంతోషిస్తారు. పేరు, చీటీ లేని పొట్లాలు మాత్రం పుచ్చుకోకండి. అలాంటివాటిలో స్టెరాయిడ్లు బయటపడటం డాక్టర్లకు కొత్త కాదు. మీరు వాడుతున్న మందులు ఆ ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే ఆరా తీయండి. నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్‌లాంటివి హఠాత్తుగా ఆపకూడదు.

డబ్బు మాట ఎవరూ ఎత్తరు, కానీ అందరి మనసులోనూ అదే ఉంటుంది. మీరిస్తే నాన్న తీసుకోరు. ఇవ్వడానికి ప్రయత్నించకండి. కరెంటు బిల్లో గ్యాస్ బండో మీ ఫోన్లోంచి కట్టేయండి, రాబడి తగ్గినా ఆ ఒక్కటి ఆపకండి. అన్నావదినలుంటే వాళ్లకు చుట్టాల నోటి నుంచి కాకుండా మీ నోటితోనే కబురు అందాలి: ఎందుకు వస్తున్నారో, ఎన్నాళ్లనుకుంటున్నారో, ఇంటి ఖర్చులో మీ వంతేమిటో. ‘ఇంటి మీద కన్నేసి వచ్చింది’ అన్న మాట ఒకసారి పుట్టిందంటే దాన్ని చంపడం ఏ ఫిజియోథెరపిస్టు తరమూ కాదు.

వైకల్య సర్టిఫికెట్ గురించి రెండు ముక్కలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో దీర్ఘకాలిక నొప్పి అనే పేరు విడిగా లేదు. జబ్బు వల్ల కదలికలు దెబ్బతింటే చలన వైకల్యం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. రిజర్వేషన్ల వంటివాటికి కనీసం 40 శాతం ఉండాలి. వైకల్య నిర్ధారణ పరీక్షకు వెళ్లేటప్పుడు పాత ఫైలంతా పట్టుకెళ్లండి.

మూడు నెలలకోసారి ముగ్గురూ కూర్చుని ఏది నడుస్తోందో, ఏది నడవడం లేదో మాట్లాడుకోండి. మీ కష్టమే కాకుండా వాళ్ల కష్టం కూడా అడగండి. మీ గది పక్కనుంచి రోజుకు పదిసార్లు తిరిగే అమ్మ, గోడ పట్టుకుని ఎందుకు నడుస్తోందో గమనించారా? వచ్చే నెల మీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడ మోకాళ్లకు కూడా అపాయింట్‌మెంట్ తీసుకోండి. వద్దంటుంది. ఆటో ఎలాగూ మాట్లాడేశానని చెప్పండి, డబ్బు దండగవుతుందని వచ్చి కూర్చుంటుంది.