పాత ఎక్స్ఎల్ మొండికేస్తే ముందు కార్బొరేటర్ విప్పకండి

ఎచ్చెర్లలో మా వాకిట్లో పద్దెనిమిదేళ్ల నుంచి ఒకటే బండి, టీవీఎస్ ఎక్స్ఎల్ సూపర్, టూ స్ట్రోక్‌ది. పాల క్యాన్లు, తవుడు బస్తాలు, గడ్డి మోపులు అన్నీ దాని మీదే. తెల్లారి అయిదింటికి అది కదలకపోతే పాలు విరిగిపోతాయి. అందుకే దాని రోగాలన్నీ నేనే నేర్చుకున్నాను. లూనా ఉన్నా, చేతక్ ఉన్నా, పాత స్కూటీ ఉన్నా ఇవి మీకూ పనికొస్తాయి.

1. కిక్కులు కొట్టి కాళ్లు నొప్పులు పుట్టించుకోకముందే పెట్రోల్ ట్యాప్ తిప్పి ఉందో లేదో చూడండి, రిజర్వ్‌లో పెట్టి మళ్లీ కొట్టండి. సగం రోగాలు ఇక్కడే పోతాయి.

2. వెతికే వరస ఎప్పుడూ ఒకటే: ప్లగ్గులో కరెంటు, తర్వాత పెట్రోలు, తర్వాత గాలి, ఆఖరికి కార్బొరేటర్. ముందే కార్బొరేటర్ విప్పితే ఉన్న రోగం పోదు, లేని రోగం వస్తుంది.

3. ప్లగ్గు విప్పి క్యాప్‌లోనే పెట్టి, దాని ఇనుప ఒంటిని ఇంజను ఇనుముకి ఆనించి కిక్కు కొట్టండి. నీలంగా టక్కున మెరిస్తే కరెంటు బాగున్నట్టే. రబ్బరు క్యాప్ పట్టుకునే చూడండి, ప్లగ్గు తీసిన కన్నానికి దూరంగా చూడండి, అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది.

4. ప్లగ్గు మూతి రంగు చూస్తే ఇంజను కడుపులో ఏముందో తెలుస్తుంది. ఇటుక రంగుంటే బండి ఆరోగ్యంగా ఉంది. పొయ్యి మసిలా పొడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైంది, ఫిల్టర్ చూడండి. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువ పోస్తున్నారు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే మాత్రం ఆ రోజు బండి తీయకండి, పెట్రోలు చాలక ఇంజను మాడుతోందన్నమాట, ఇంకో నాలుగు రోజులు నడిపితే సీజ్ అయిపోతుంది.

5. ప్లగ్గు సందు కొలవడానికి గేజీ కొనక్కర్లేదు. ఇనుము కోసే హ్యాక్సా బ్లేడు మందం ఇంచుమించు 0.6 మిల్లీమీటర్లు, అది బిగుతుగా జారితే చాలు.

6. చోక్ వేసి మరీ కొట్టేసి పెట్రోలు నిండిపోయిందా? తాళం ఆపి, ట్యాప్ కట్టి, ప్లగ్గు విప్పి పది కిక్కులు కొట్టండి. ప్లగ్గు తుడిచి ఎండలో అయిదు నిమిషాలు పెట్టి బిగిస్తే రెండో కిక్కుకే వస్తుంది.

7. బాగా వెళ్తున్న బండి రెండు కిలోమీటర్లకి ఆగి, పది నిమిషాలు నిలబెడితే మళ్లీ నడుస్తోందా? ట్యాంకు మూత తీసి చూడండి. "స్‌స్" అని గాలి లోపలికి పీల్చుకుందంటే మూతకున్న చిన్న కన్నం మట్టితో మూసుకుపోయింది. గాలి లోపలికి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. శ్రీకాకుళం వెళ్తూ హైవే మీద నాకిలాగే మూడుసార్లు ఆగింది, కాయిల్ మార్చాలన్నారు, డబ్బులు కూడా తీసి పెట్టుకున్నాను. చివరికి గుండుసూదితో ఆ కన్నం పొడిచాను, అంతే, పైసా ఖర్చు లేదు.

8. కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి సీసాలో పట్టండి. ధారగా వస్తే సరే, చుక్కచుక్కగా వస్తే ట్యాప్ జాలీలో తుక్కుంది.

9. వానలో తడిసిన బండి దగ్గి దగ్గి ఆగిపోతుంటే కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులో పట్టండి. నీళ్లుంటే అడుగున వేరుగా ముత్యంలా కూర్చుంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మర్నాడు మా బండిలోంచి సగం గ్లాసు నీళ్లే వచ్చాయి.

10. కార్బొరేటర్ కారుతుంటే వెంటనే విప్పకండి, స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా రెండు దెబ్బలు వేయండి. లోపల ఇరుక్కున్న ఫ్లోట్ సూది జారి చాలాసార్లు కారడం ఆగిపోతుంది.

11. పెళ్లికో పండక్కో వారం ఊరెళ్తుంటే ట్యాప్ కట్టేసి, బండి దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. గిన్నెలో పెట్రోలు మిగిలితే ఆవిరై, జిగురులా పేరుకుని చిన్న జెట్టుని మూసేస్తుంది. కార్బొరేటర్ సర్వీసు ఖర్చు తప్పుతుంది.

12. ఇక విప్పక తప్పలేదంటే ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా కూర్చోండి. పళ్లెంలో తెల్లగుడ్డ పరిచి, విప్పిన వరసలోనే పెట్టుకుంటూ పోండి, ప్రతి అడుగూ ఫోనులో ఫొటో తీయండి. గాలి స్క్రూ తీసేముందు లోపలికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. మళ్లీ అన్నే చుట్లు వదులు చేస్తే ట్యూనింగ్‌కి ఎవరి దగ్గరకీ వెళ్లక్కర్లేదు.

13. జెట్టు కన్నంలో తీగ గాని సూది గాని పెట్టనే పెట్టకండి. అది మెత్తని ఇత్తడి, వెంట్రుకవాసి కన్నం పెద్దదైనా బండి పెట్రోలు తాగేస్తుంది. ఒకసారి ఒకాయన నా కళ్లముందే క్లచ్ తీగ పోచ దూర్చాడు, ఆ నెలంతా మైలేజీ పడిపోయి కొత్త జెట్టు కొన్నాక గాని బాగవలేదు. పెట్రోల్లో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టి, వెలుతురుకి ఎత్తి చూడండి. అవతలి వెలుగు గుండ్రంగా కనిపించాలి.

14. స్పాంజి ఫిల్టరైతే సబ్బునీళ్లలో నలిపి, నీడలో ఆరబెట్టి, రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ పట్టించి పిండి పెట్టండి. కాగితం ఫిల్టర్ని తడపకండి, దులిపితే చాలు.

15. యాక్సిలేటర్ వదిలేసినా బండి రేస్ అవుతుంటే, వైరు ఎక్కడా ఇరుక్కోకుండా ఉంటే, కార్బొరేటర్‌కీ ఇంజనుకీ మధ్య అతుకు మీద సబ్బునీళ్లు చిలకరించండి. చప్పుడు మారిందంటే అక్కడ గాలి పీలుస్తోంది, వాషర్ మార్చండి.

16. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది పాత రబ్బర్ని ఉబ్బిస్తుంది, నీళ్లనీ పీల్చుకుంటుంది, కాబట్టి ఏడాదికోసారి పెట్రోలు పైపు మార్చేయండి, ట్యాంకులో నెలల తరబడి పాత పెట్రోలు ఉంచకండి.

17. టూటీ ఆయిల్ కొలిచే పోయండి. మా బండికి లీటరుకి 20 మిల్లీలీటర్లు, మీ బండి పుస్తకంలో ఎంతుంటే అంత. మందు సీసా మూత గీత చూసి పోస్తాను నేను. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, ప్లగ్గు జిడ్డు. పోశాక బండిని అటూ ఇటూ ఊపండి, లేకపోతే ఆయిలంతా అడుక్కి దిగిపోతుంది.

18. ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదా, ప్లగ్గూ పెట్రోలూ సరిగ్గానే ఉన్నాయా? సైలెన్సర్ విప్పి కార్బన్ గీకించండి. మా బండికి ప్రాణం లేచొచ్చింది.

19. కుప్పిలి, బుడగట్లపాలెం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లకి ఉప్పుగాలి పెద్ద శత్రువు. ప్లగ్ క్యాపులో, వైరు కొసల్లో పచ్చగా చిలుము పడితే కరెంటు సరిగ్గా రాదు. నెలకోసారి ఊడదీసి గరుకు కాగితంతో రుద్ది, రాత్రి బండి మీద గోనెపట్టా కప్పండి.

20. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బళ్లలో చాలావాటికి కార్బొరేటర్ ఉండదు, పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి. వాటి జోలికి మనం పోకూడదు, ప్లగ్గూ ఫిల్టరూ చూసి మిగతాది మెకానిక్‌కి వదిలేయండి.

21. సీటు కింద పాత చిల్లర సంచిలో ఒక మంచి ప్లగ్గు, ప్లగ్ స్పానర్, హ్యాక్సా బ్లేడు ముక్క, గుడ్డ పీలిక, గుండుసూది పెట్టుకోండి. ప్లగ్గు పాతదైనా పరవాలేదు, కరెంటు చూసి పెట్టుకున్నదై ఉండాలి.