ప్లాటినం లేకుండా హైడ్రోజన్: పోటీ పరీక్షల ప్రత్యేకం

పుట్టపర్తి కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఎన్‌పీ కుంట సోలార్ పార్కు ఉంది. అలాంటి ఎండ కరెంటుతో నీటిని విడగొడితే వచ్చేది గ్రీన్ హైడ్రోజన్. కిలో హైడ్రోజన్‌కు సుమారు 9 లీటర్ల నీరు విడిపోవాలి. కరవు చూసిన సీమవాళ్లం ఈ అంకె మరవకూడదు.

ఇందులో ఖరీదైన వస్తువు ఉత్ప్రేరకం. ఆమ్ల మాధ్యమంలో ప్లాటినమే మేటి. ఎందుకు? ధర్మవరం మగ్గం మీద పడుగు చూడండి. మరీ బిగిస్తే పోగు తెగుతుంది, వదులైతే నేత కుదరదు. లోహం కూడా అంతే. హైడ్రోజన్ పరమాణువును గట్టిగా పట్టుకుంటే వాయువు బయటికి రాదు. పట్టు చాలకపోతే చర్య సాగదు. ఇదే సబాటియర్ సూత్రం. పాల్ సబాటియర్‌కు 1912లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ పట్టుకు కొలత గిబ్స్ శక్తి మార్పు. అది సున్నాకు దగ్గరగా ఉండాలి.

ప్రయోగశాలలో అడుగుపెట్టకముందే ఆ విలువను కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతి డీఎఫ్‌టీ (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ). దీనికి పునాది వేసిన వాల్టర్ కోన్ 1998లో జాన్ పోపుల్‌తో కలిసి నోబెల్ పొందారు. చవకైన మాలిబ్డినం డైసల్ఫైడ్ పనికొస్తుందని 2005లో ఈ లెక్కలే దారి చూపాయి. పని చేసేది దాని పలక కాదు, అంచు. నికెల్, కోబాల్ట్, ఇనుము మీదా అన్వేషణ సాగుతోంది.

ఇక ప్రభుత్వ పథకం సంగతి. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు కేంద్ర ఆమోదం: 2023 జనవరి 4. కేటాయింపు రూ.19,744 కోట్లు. లక్ష్యం 2030కి ఏటా 50 లక్షల టన్నులు. అనకాపల్లి జిల్లా పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన: 2025 జనవరి 8.

ప్రిలిమ్స్‌కు ఈ అంకెలు చాలు. మెయిన్స్‌లో మాత్రం ఉత్ప్రేరకం సంగతి తప్పక రాయండి.