ఇంటి ఆకలి, లోకపు ఆకలి

"తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరము" అని మన పెద్దలు చెప్పిరి. "ఇంట గెలిచి రచ్చ గెలువుము" అనునదియు వారి మాటయే. దూరదేశపు పేదల కొరకు చందా పోగుచేయువానిని ఆక్షేపింపదలచినవారికి ఈ సామెతలు వెంటనే నోటికి వచ్చును. "మన వీధిలోనే అన్నము లేనివారుండగా సముద్రము దాటి పోనేల?" అని వారడుగుదురు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. రెండు పక్షముల బలమును తూచి చూచిన పిదపనే దీనికి సమాధానము చెప్పవలెను.

మొదట ఇంటి పక్షమును విందము. 1943 లో వంగదేశమున ఘోరమైన కరువు వచ్చెను. ముప్పది లక్షలమంది వరకు మరణించిరని అంచనా. శాంతినికేతనమున తొమ్మిదేండ్ల బాలుడొకడు ఆకలితో అలమటించుచు వచ్చినవారిని కన్నులార చూచెను. పెద్దవాడై, అర్థశాస్త్రమున కృషిచేసి, 1998 లో నోబెల్ బహుమతి నందిన అమర్త్య సేన్ ఆ బాలుడే. ధాన్యము లేకపోవుటచేతనే కరువు రాదనియు, ధరలు పెరిగి కూలివానికి కొనుశక్తి లేనప్పుడు అంగడిలో బియ్యమున్నను అతడు పస్తుండుననియు ఆయన వివరించెను. ప్రజలు వోటు వేసి పాలకులను మార్చగలిగి, పత్రికలు స్వేచ్ఛగా వ్రాయగలిగిన దేశమున అంతటి కరువు రాదని కూడ ఆయన వాదించెను. 1943 నాటి పరిపాలకుల పెద్దలు లండనులో నుండిరి. ఆకలితో చచ్చువారికి జవాబు చెప్పవలసిన అవసరము వారికి లేకపోయెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప మన దేశమున అనావృష్టులు కలిగినవి గాని, అంతమందిని పొట్టనబెట్టుకొన్న కరువు రాలేదు.

కావున ఇంటి పేదరికమును తొలగించుటకు ఇంటివారికే గల సాధన మొకటున్నది. అది అడుగు హక్కు. చౌకధరల దుకాణములో బియ్యము సరిగా తూచుచున్నారా, కూలివానికి చట్టప్రకారము వేతనము ముట్టుచున్నదా అని నిలదీయవలసినవారు ఆ యూరివారే. పరదేశీయు డెంత ఉదారుడైనను ఈ పనిని మనకు మారుగా చేయజాలడు.

ఇక రెండవ పక్షము. 1845 మొదలుకొని ఐర్లండులో బంగాళాదుంప పైరు తెగులు తగిలి కుళ్ళిపోయెను. అచటి పేదలకు ఆ దుంపయే ఆహారము. ఇంచుమించు పది లక్షలమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ వార్త అమెరికాలోని చోక్టా జాతివారి చెవిని బడెను. వారు సంపన్నులు కారు. 1831 నుండి అమెరికా ప్రభుత్వము వారిని తాతతండ్రుల నేల నుండి వెడలగొట్టి పడమటికి తరిమెను. ఆ ప్రయాణమున చలికిని, ఆకలికిని, వ్యాధులకును వేలమంది బలియైరి. పదునారేండ్లు గడిచినను ఆ గాయము మానలేదు. అయినను 1847 లో వారు సమావేశమై, ఇంచుమించు 170 డాలర్లు ప్రోగుచేసి ఐర్లండు పేదల కొరకు పంపిరి. "ముందు మన పిల్లల సంగతి చూచుకొందము" అని వారనియున్నచో తప్పు పట్టగలవారెవరు? ఆ చిన్న మొత్తము కరువును ఆపలేదు. కాని ఐర్లండు దానిని మరువలేదు. మిడిల్టన్ పట్టణమున తొమ్మిది ఉక్కు ఈకలతో వారికొక స్మారకచిహ్నమును నిలిపిరి. 2020 లో కోవిడ్ వ్యాధిచే అమెరికాలోని నవహో, హోపి జాతులవారు కష్టముల పాలైనప్పుడు, చోక్టాల దానమును స్మరించుచు ఐర్లండువా రనేకులు చందాలు పంపిరి.

అయితే సాయములన్నియు ఒకే తీరుగా పనిచేయవు. 1965, 1966 సంవత్సరములలో మన దేశమున వరుసగా వానలు తప్పెను. 1966 లో ఇంచుమించు కోటి టన్నుల ధాన్యము విదేశముల నుండి ఓడలలో వచ్చెను. అందెక్కువ భాగము అమెరికా గోధుమలు. అవి ప్రాణములు నిలిపెను. కాని గింజలు తిన్న పిదప మరల ఓడ కొరకు ఎదురుచూడవలసినదే. ఆ సంవత్సరముననే ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్. 8 అను వంగడమును విడుదల చేసెను. ఇండోనేషియా పొడుగు వరికిని, తైవాను పొట్టి వరికిని సంకరముగా పుట్టినదది. ఎరువు దండిగా వేసినను పడిపోక, పొట్టి కాండముపై బరువైన కంకిని మోయగలదు. 1967 లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దానిని సాగుచేసి, మంచి దిగుబడి తీసి చూపెను. ఓడలో వచ్చిన గింజ ఒకనాటి ఆకలిని తీర్చినది; రైతు చేతికి వచ్చిన విత్తనము మరల విత్తనమైనది.

ఆచంటకు సమీపముననే మారుటేరు వరి పరిశోధన కేంద్రమున్నది. అచట పుట్టిన స్వర్ణ వరి అనేక రాష్ట్రముల రైతులకు ప్రీతిపాత్రమైనది. కాని వరదనీట మునిగినచో అది నశించును. ఒడిశాలోని నాటువరి ఒకటి రెండు వారములు నీట మునిగియు బ్రతుకగలదు. ఫిలిప్పైన్సు సంస్థ శాస్త్రజ్ఞులు ఆ గుణమును స్వర్ణకు సంక్రమింపజేసిరి. ఆ క్రొత్త వరి 2009 లో మన దేశమునను, 2010 లో బంగ్లాదేశమునను విడుదలయ్యెను. గోదావరి ఒడ్డున పుట్టిన పైరు పొరుగుదేశపు వరదపొలములో నిలిచినది. దీనిని ఇంటి మేలనవలెనా, బయటి మేలనవలెనా?

ఇల్లును లోకమును మననడుగునవి ఒక్కటి కావు. ఇల్లు మన గొంతు నడుగును. అన్యాయము జరిగినచోట మాటాడుమనును. లోకము మన నేర్పు నడుగును. ఆపదవేళ పిడికెడు గింజల నడుగును. కనుక ఒకరికి మేలు చేసినంతమాత్రమున రెండవవారికి తక్కువపడదు. చేత ఒక్క రూపాయియే యున్నప్పుడు మాత్రము చిక్కు కలుగును. అప్పుడు చూడవలసినది దూరము కాదు. ఎవరి ఆపద పెద్దది? మన రూపాయి ఎచ్చట ఎక్కువ పనిచేయును? సాయము పొందినవాడు రేపు తన కాళ్ళపై నిలువగలడా? ఈ మూడింటిని విచారింపవలెను.

మరి పెద్దల సామెతల మాటయేమి? తనకు మాలిన ధర్మము వలదనిరి గాని, తనకు మిగిలినదానిలో ధర్మము వలదనలేదు. చోక్టాలు ఆ హద్దును సైతము దాటిరి. "ముందు మన వీధి" అనువాడు తన రూపాయిని వీధిలోని పేదకిచ్చినచో అతని మాట గౌరవింపదగినది. ఈయనిచో, ఆ రూపాయి ఇల్లును చేరలేదు, లోకమును చేరలేదు. అతని జేబులోనే యున్నది.

ప్రశ్నలు
1. ఇంటి పేదరికమును తొలగించుటకు ఇంటివారికే గల సాధనమేది? ఉదాహరణముతో వివరింపుము.
2. ఓడలో వచ్చిన గింజకును, రైతు చేతికి వచ్చిన విత్తనమునకును భేదమేమి?
3. చోక్టాలు చేసినది "తనకు మాలిన ధర్మము" అగునా? నీ అభిప్రాయమును కారణములతో వ్రాయుము.